మా తరువాత వచ్చినవాళ్లను ముందు ఎందుకు పిలిచారు?

ప్రశ్న: మాది గాజువాక. మా మామయ్యగారికి 66 ఏళ్లు, చాలాకాలంగా షుగరు ఉంది. గత నెలలో ఒక రాత్రి భోజనం చేసి పడుకోబోతూ పొట్ట పైభాగంలో మంటగా ఉందన్నారు. చూస్తుండగానే చొక్కా తడిసిపోయేలా చెమటలు పట్టాయి. ఆటోలో నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్లాం. ఎమర్జెన్సీలోకి వెళ్లగానే ఈసీజీ తీశారు, రక్తం తీసుకున్నారు, "బయట కూర్చోండి, పిలుస్తాం" అన్నారు. తెల్లవారేదాకా ఆ ఇనుప కుర్చీల్లోనే కూర్చున్నాం. మా తరువాత వచ్చినవాళ్లు ఎందరో లోపలికి వెళ్లిపోయారు. వాళ్లలో ఒక కుర్రాడు పాము కరిచిందంటూ తన కాళ్ల మీద తానే నడిచి వచ్చాడు, నవ్వుతూ మాట్లాడుతున్నాడు కూడా. అర్ధరాత్రి దాటాక మామయ్యగారికి మళ్లీ రక్తం తీశారు, ఎందుకో చెప్పలేదు. మా మరిది సిస్టరు మీద కేకలు వేస్తే సెక్యూరిటీవాళ్లు వచ్చారు. నేను మాత్రం ఏం మాట్లాడితే ఏమవుతుందోనని నోరు మెదపకుండా కూర్చున్నాను. ఉదయం గుండెకు ఏమీ లేదని చెప్పి, మందులు రాసి పంపించేశారు. ఇప్పుడు ఇంట్లో రోజూ ఇదే చర్చ. అరిస్తేనే పని జరుగుతుందని మా మరిది, తెలిసినవాళ్లచేత ఫోను చేయించవలసిందని మావారు అంటున్నారు. మామయ్యగారేమో "చచ్చినా మళ్లీ అక్కడికి రాను" అంటున్నారు. మాకు అన్యాయం జరిగిందా? మళ్లీ అలాంటి రాత్రే వస్తే నేను ఏం చేయాలి?
— ఒక కోడలు, గాజువాక

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరంలో నన్ను అన్నింటికన్నా ఎక్కువగా కలవరపెట్టినది మీ మరిది వేసిన కేకలు కాదు, మామయ్యగారు అంటున్న చివరి మాట. దాని దగ్గరికి తప్పక వస్తాను. ముందుగా మీరు సూటిగా అడిగిన ప్రశ్నకు సూటిగానే జవాబు చెబుతాను. మీ తరువాత వచ్చినవారిని ముందు పిలవడం అన్యాయం కాదు. రెండోసారి రక్తం ఎందుకు తీస్తున్నారో, ఇంకా ఎంతసేపు కూర్చోవలసి ఉంటుందో ఒక్క మాటైనా చెప్పకపోవడం మాత్రం తప్పు. చాలా ఏళ్లు రాత్రి డ్యూటీలు చేసిన నర్సుగా ఆ రద్దీ ఎలా ఉంటుందో నాకు తెలుసు, అయినా ఆ తప్పును రద్దీ పేరుతో వెనకేసుకురాలేను.

క్యాజువాలిటీలో వరుస రేషను దుకాణం దగ్గర వరుస వంటిది కాదు. అక్కడ ఎవరు ముందు వచ్చారన్న లెక్కకు విలువ లేదు, ఎవరి ప్రాణం ముందు జారిపోయేలా ఉంది అన్నదే లెక్క. మనిషి గుమ్మం దాటి లోపలికి రాగానే ఒక డాక్టరో నర్సో శ్వాస, నాడి, రక్తపోటు, రక్తంలో ఆక్సిజన్, స్పృహ చూసి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అని మూడు తరగతులుగా విడదీస్తారు. దీనినే ట్రయాజ్ అంటారు. ఎరుపులో ఉన్నవారిని ఒక్క నిమిషం కూడా ఆపరు. పసుపులో ఉన్నవారికి వైద్యం మొదలుపెట్టి కనిపెట్టి చూస్తుంటారు. ఆకుపచ్చలో ఉన్నవారు ఆగగలరు, కాబట్టి ఆగుతారు. ఈ విభజన జరిగినట్టు మనకు ఎవరూ చెప్పరు, చాలాసార్లు చేతికి పట్టీ కూడా కట్టరు, అందువల్ల మనల్ని ఎవరూ పట్టించుకోలేదనే అనుకుంటాం. మామయ్యగారికి వెళ్లగానే ఈసీజీ తీశారని మీరే రాశారు. గుండెపోటు అనుమానం ఉన్న మనిషికి వచ్చిన 10 నిమిషాల్లోపు ఈసీజీ తీసి డాక్టరు చూడాలన్నది వైద్య మార్గదర్శకాలు చెప్పే నియమం. అంటే మీరు చెప్పిన పొట్టమంటను అక్కడివారు తేలికగా తీసుకోలేదు. షుగరు ఉన్న పెద్దాయన, పొట్ట పైభాగంలో మంట, చెమటలు అనగానే గుండె గురించే ఆలోచించారు. ఆ రాత్రి మీకు జరిగిన మంచి అది, కనబడకుండా జరిగిపోయిన మంచి.

ఇక ఆ పాము కరిచిన కుర్రాడి సంగతి. అతను నవ్వుతున్నాడు కాబట్టి ఆగగలడని మీకు అనిపించడం సహజం, కాని పాముకాటు విషయంలో నవ్వుకు ఏ విలువా ఇవ్వకూడదు. కట్లపాము ఎక్కువగా రాత్రివేళ నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది, కాటు దగ్గర నొప్పిగాని వాపుగాని దాదాపు ఉండదు, ఒక్కొక్కసారి గాటు కూడా కంటికి ఆనదు. ఆ తరువాత కనురెప్పలు బరువెక్కి వాలిపోతాయి, మింగడం కష్టమవుతుంది, చివరికి ఊపిరి తీసుకునే కండరాలే పనిచేయడం మానేస్తాయి. రక్తపింజరి కాటైతే కథ వేరు, ఆ విషం రక్తానికి గడ్డకట్టే గుణం లేకుండా చేస్తుంది. అందుకే పాము కరిచిందనగానే కొంచెం రక్తం తీసి శుభ్రమైన గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచి, తరువాత వంచి చూస్తారు. గడ్డకట్టకపోతే విషానికి విరుగుడు మందు వెంటనే మొదలుపెట్టాలి. నవ్వుతూ నడిచి వచ్చిన మనిషిని గంటలోపే వెంటిలేటరు మీద పెట్టవలసి రావచ్చు. పైగా ఆ కుర్రాడు ఏ ఊరినుంచి వచ్చాడో మనకు తెలియదు. విశాఖపట్నంలో రాత్రి వచ్చే కేసులన్నీ విశాఖపట్నానివి కావు. పాడేరు, చింతపల్లి కొండ ఊళ్లనుంచి, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలనుంచి, ఒడిశా సరిహద్దునుంచి కూడా మొదట చిన్న ఆసుపత్రికి, అక్కడినుంచి రిఫర్ చేస్తే ఇక్కడికి వస్తారు. 1923లో తెరిచిన కింగ్ జార్జ్ ఆసుపత్రిని ఉత్తరాంధ్రలో ఈనాటికీ చాలామంది పెద్దాసుపత్రి అనే పిలుస్తారు. కొండదారిలో సగం రాత్రి గడిపి వచ్చినవారు క్యాజువాలిటీ గుమ్మం తొక్కేసరికే వారికి మిగిలిన సమయం మన సమయంకన్నా తక్కువ.

రెండోసారి రక్తం తీయడం గురించి ఇంకొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీరు పడ్డ బాధలో సగం ఆ సంగతి తెలియకపోవడం వల్లనే కలిగింది. గుండె కండరం దెబ్బతిన్నప్పుడు దానిలోని ట్రోపోనిన్ అనే ప్రోటీన్ రక్తంలోకి వస్తుంది. అయితే నొప్పి పుట్టిన మరుక్షణమే అది పరీక్షకు అందేంతగా పెరగదు, దానికి కొన్ని గంటలు పడుతుంది. ఈసీజీ కూడా అంతే, గుండెపోటు వచ్చిన కొందరిలో మొదటి ఈసీజీ మామూలుగానే కనిపిస్తుంది. కాబట్టి మొదటి రక్తపరీక్షలో ఏమీ తేలకపోతే, పరీక్ష రకాన్ని బట్టి ఒకటి మొదలుకొని ఆరు గంటల తరువాత మళ్లీ రక్తం తీసి, రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తారు. అంకె పెరుగుతూ ఉంటే గుండెపోటు, కదలకుండా తక్కువలోనే ఉంటే ఆ రాత్రికి గుండెపోటు కాదని అర్థం. మీరు కుర్చీలో కూర్చున్న ఆ గంటలు వృథాగా పోయిన గంటలు కావు, పరీక్షలో భాగమే. రక్తం తీసినవారు "మూడు గంటల తరువాత మళ్లీ తీసి పోల్చి చూడాలి, అంతవరకు ఇక్కడే ఉండండి" అని ఒక్క వాక్యం చెప్పి ఉంటే మీ మరిది బహుశా కేకలు వేసేవాడు కాదు. వాళ్లు చెప్పకపోతే మనం అడగాలి: "ఇప్పుడు ఏ ఫలితం కోసం ఆగుతున్నాం? అది ఎప్పటికి వస్తుంది? వచ్చాక మాకు ఎవరు చెబుతారు?" ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పడం ఎంత తీరికలేని డ్యూటీ డాక్టరుకైనా అర నిమిషం పని.

మరి మీరు నోరు మెదపకుండా కూర్చున్నారు కదా, అది సరైనదేనా అంటే, కాదనే చెప్పాలి. ఇది మిమ్మల్ని నొప్పించాలని అంటున్నది కాదు. ట్రయాజ్ అనేది ఆ ఒక్క క్షణంలో మనిషి ఉన్న స్థితిని చూసి వేసిన అంచనా. పదిన్నరకు ఆకుపచ్చలో ఉన్న మనిషి పన్నెండుకు ఎరుపులోకి జారవచ్చు. నియమం ప్రకారం ఆగుతున్నవారిని కూడా మళ్లీ మళ్లీ వచ్చి చూడాలి, కాని ఇద్దరు సిస్టర్లు ఎందరినో చూసుకునే రాత్రి ఆ చూపు ఆలస్యమవుతుంది. ఆ సమయంలో మామయ్యగారి ముఖాన్ని ఎడతెగకుండా చూస్తున్నది మీరొక్కరే. ఆయన మామూలుగా ఎలా ఉంటారో, ఎలా మాట్లాడతారో తెలిసినది కూడా ఆ హాలులో మీ ఇంటివాళ్లకే. అందుచేత వెంట వెళ్లినవారు అక్కడ చేయవలసిన పని ఒకటుంది. కనిపెట్టి చూడడం, మార్పు కనబడిన మరుక్షణం వెళ్లి చెప్పడం.

ఎలా చెప్పాలన్నదానిమీద చాలా ఆధారపడి ఉంటుంది. "ఇంకా ఎంతసేపండీ?", "మా నాన్నను ఎవరూ చూడడం లేదు" అన్న మాటలు ఆ బల్ల దగ్గర రాత్రంతా వినబడుతూనే ఉంటాయి, వాటిలో రోగి గురించి కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. "మంట పొట్టలోనే ఉండేది, ఇప్పుడు ఎడమ చేతిలోకి పాకింది అంటున్నారు", "పావుగంటనుంచి ఆయాసం పెరిగింది, మాట పూర్తి చేయలేకపోతున్నారు", "మళ్లీ చెమటలు పట్టాయి, చేతులు చల్లబడ్డాయి", "పిలిస్తే కళ్లు తెరుస్తున్నారు గాని పొంతన లేకుండా మాట్లాడుతున్నారు" అని చెప్పి చూడండి. అలాంటి మాట విన్న నర్సు కూర్చోలేదు. ఎప్పుడు మొదలైందో, మునుపటికీ ఇప్పటికీ తేడా ఏమిటో, ఈ రెండూ ఉంటే చాలు, గొంతు పెంచవలసిన పని లేదు. మూతి ఒక పక్కకు వంగినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా చెప్పడానికి క్షణం కూడా ఆగకండి. పక్షవాతంలో గడ్డను కరిగించే మందు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి, కాబట్టి ఆయనను చివరిసారి మామూలుగా చూసినది ఎప్పుడన్నది మీ నోటినుంచే వినాలని డాక్టరు చూస్తారు.

షుగరు ఉన్నవారి విషయంలో ఇంకొక జాగ్రత్త ఉంది. రాత్రి మాత్రలుగాని ఇన్సులినుగాని తీసుకొని సరిగా తినకుండా గంటల తరబడి కూర్చుంటే షుగరు 70 కిందికి పడిపోవచ్చు. అప్పుడు కూడా చెమటలు, వణుకు, తికమక మాటలే కనిపిస్తాయి. ఏ మందు ఎప్పుడు వేసుకున్నారో మీరే చెప్పి, వేలి నుంచి చుక్క రక్తం తీసి షుగరు చూడమని అడగండి. ఆకలిగా ఉంటారని బయటినుంచి టీ, బిస్కెట్లు తెచ్చి పెట్టే ముందు మాత్రం సిస్టరును అడగాలి, ఏదైనా ప్రక్రియ చేయవలసివస్తే కడుపు ఖాళీగా ఉండాలంటారు. బాత్‌రూముకు ఒంటరిగా పంపకండి. వాడే మాత్రల అట్టలను ఫోనులో ఫొటో తీసి ఉంచుకుంటే, "తెల్లమాత్ర ఒకటి, గులాబీమాత్ర ఒకటి" అని గుర్తుచేసుకునే అవస్థ తప్పుతుంది. మిగిలినవి మీకు తెలిసినవే: ఛార్జరు, మంచినీళ్లు, కొంత చిల్లర, ఏసీ హాలులో పెద్దాయనకు ఒక దుప్పటి. ఇంట్లో ఇద్దరు ముగ్గురు ఉంటే అందరూ ఒకేసారి మేలుకోకుండా వంతులు వేసుకోవడం మంచిది.

మీ మరిది వాదన గురించి. అరిస్తే పని జరుగుతుందని ఆయనకు అనిపించడానికి కారణం లేకపోలేదు, అరిచినవారి వైపు అందరూ తిరిగి చూస్తారు కదా. అయితే వాళ్లు చూసేది అరిచిన మనిషిని, కుర్చీలో ఉన్న రోగిని కాదు. సెక్యూరిటీని పిలిచి గొడవ సర్దేవరకు ఆ సిస్టరు చేతిలోని పని ఆగుతుంది, ఆ పని మామయ్యగారిదే అయి ఉండవచ్చు కూడా. చెయ్యి చేసుకోవడం, సామాను పగలగొట్టడం దాకా వెళితే 2008లో మన రాష్ట్రంలో చేసిన చట్టం ప్రకారం మూడేళ్ల వరకు జైలు, 50,000 రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. ఆయన అంతదూరం వెళ్లలేదు, వెళ్లే మనిషి అని కూడా నేను అనుకోవడం లేదు. తండ్రికి ఏమవుతుందోనన్న భయం కోపంగా బయటపడింది, అంతే. తరువాతిసారి బల్ల దగ్గరికి మీరు వెళ్లండి, మందులు తేవడం, బిల్లు కట్టడం, ల్యాబుకు తిరగడం వంటి కాళ్లకు పని ఉన్న బాధ్యత ఆయనకు అప్పగించండి. మీవారు చెప్పే ఫోను సంగతికి వస్తే, తెలిసినవారు ఫోను చేస్తే మంచం త్వరగా దొరకవచ్చునేమో గాని, ట్రోపోనిన్ మూడు గంటల్లో పెరిగేది ఒక గంటలో పెరగదు. ఇంకొకటి కూడా ఆలోచించమనండి, మన ఫోను వల్ల వెనక్కి జరిగేది ఎవరు? పైరవీ లేని ఆ పాముకాటు కుర్రాడిలాంటివాడే కదా.

ఇంతా చెప్పి ప్రతిదానికీ సర్దుకుపొమ్మని అంటున్నానని అనుకోవద్దు. గట్టిగా నిలబడవలసిన సందర్భాలు ఉన్నాయి. ప్రాణాపాయంలో ఉన్న మనిషిని అసలు చూడకుండా వేరే ఆసుపత్రికి పొమ్మనడం, ముందు డబ్బు కడితేనే ముట్టుకుంటామనడం, ప్రమాదం కేసు కాబట్టి పోలీసులు వచ్చేదాకా ఆగమనడం, ఇవి మూడూ తప్పు. స్కూటరు మీద వెళుతూ కారు ఢీకొని గాయపడిన మనిషిని ఒక ఆసుపత్రి చేర్చుకోకుండా 20 కిలోమీటర్ల దూరంలోని మరోచోటికి పంపగా అతను దారిలో చనిపోయిన ఉదంతం మీద 1989లో సుప్రీంకోర్టు, ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం నిలపాలి, చట్టపరమైన లాంఛనాలు తరువాత అని స్పష్టంగా చెప్పింది. పశ్చిమ బెంగాల్‌లో రైలునుంచి పడిన వ్యక్తిని వరుసగా ప్రభుత్వ ఆసుపత్రులు మంచాలు లేవని తిప్పి పంపిన కేసులో 1996లో అదే న్యాయస్థానం, సమయానికి వైద్యం అందించకపోవడం జీవించే హక్కును కాలరాయడమేనని తీర్పు చెప్పి పరిహారం ఇప్పించింది. అలాంటి పరిస్థితి ఎదురైతే డ్యూటీ డాక్టరును, ఆయన తరువాత క్యాజువాలిటీ వైద్యాధికారిని, ప్రభుత్వ ఆసుపత్రిలోనైతే ఆర్ఎంవోను (రెసిడెంట్ మెడికల్ ఆఫీసరును) పిలిపించమని అడగండి, ఎవరు ఏ సమయానికి ఏమన్నారో కాగితం మీద రాసుకోండి. రాష్ట్ర ప్రభుత్వ వైద్య పథకమైన ఎన్టీఆర్ వైద్య సేవ కింద వైద్యం జరిగే ఆసుపత్రులలో సహాయానికి ఆరోగ్యమిత్ర ఉంటారు, 104కు ఫోను చేసినా ఆ పథకం వివరాలు చెబుతారు. మీకు సమాచారం ఇవ్వకుండా కూర్చోబెట్టిన సంగతిని కూడా ఆ ఆసుపత్రి సూపరింటెండెంటుకు మర్యాదగా, తేదీ సమయాలతో ఒక ఉత్తరం రాయవచ్చు. రాయమనే నా సలహా.

ఇప్పుడు మామయ్యగారి మాట. "చచ్చినా రాను" అన్నది కోపంలో అన్న మాటే కావచ్చు, కాని మళ్లీ ఒక రాత్రి మంట మొదలైనప్పుడు ఆయన ఎవరికీ చెప్పకుండా జెలుసిల్ తాగి పడుకుంటే ఆ మాట నిజమయ్యే ప్రమాదం ఉంది. చాలాకాలంగా షుగరు ఉన్నవారిలో నరాలు మొద్దుబారడం వల్ల గుండెపోటు వచ్చినా ఛాతీలో నొప్పి తెలియకపోవచ్చు. అజీర్తి, చెమటలు, ఆయాసం, చెప్పలేని నీరసం, కొందరిలో ఇవే కనిపించే లక్షణాలు. రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిన గుండెపోటులో ఆసుపత్రికి చేరిన 90 నిమిషాల్లోపు దానిని తెరవాలని డాక్టర్లు తాపత్రయపడతారు, అంటే ఇంట్లో వాదించుకుంటూ పోగొట్టుకునే గంట ఎంత ఖరీదైనదో ఊహించండి. ఆయనకు ఈ సంగతి మీరు చెప్పేకన్నా ఆయన మాట్లాడుకునే తోటివయసు మనిషి, గుండె ఆపరేషను అయినవారు ఎవరైనా చెబితే బాగా ఎక్కుతుంది. బెదిరించకండి. కుర్చీలో కూర్చున్న ఆ గంటలు ఎందుకో ముందుగా వివరించండి, "మిమ్మల్ని వదిలేయలేదు మామయ్యగారూ, రెండో రక్తం కోసం ఆపారు" అని చెబితే ఆయన కోపంలో కొంత భాగమైనా కరుగుతుంది. ఆయనకు తగిలిన దెబ్బ నొప్పికన్నా ఎక్కువగా ఆత్మగౌరవానికి తగిలింది.

మళ్లీ అవసరం పడితే ఆటో ఎక్కించకండి, 108కు ఫోను చేయండి. 2005 ఆగస్టు 15నుంచి మన రాష్ట్రంలో నడుస్తున్న ఆ అంబులెన్సులో ఆక్సిజను, చూసుకునే శిక్షణ పొందిన మనిషి ఉంటారు, గాజువాకనుంచి విమానాశ్రయం, ఎన్ఏడీ కూడలి దాటుకుంటూ వచ్చే దారిలో ఏదైనా జరిగితే ఆటోడ్రైవరు చేయగలిగింది ఏమీ లేదు.

చివరిగా, "గుండెకు ఏమీ లేదు" అని ఆ ఉదయం చెప్పినదాన్ని మీ ఇంట్లో అందరూ శాశ్వతమైన తీర్పుగా తీసుకున్నట్టున్నారు. ఆ రాత్రి గుండె కండరం దెబ్బతినలేదన్నంతవరకే దాని అర్థం. గుండె రక్తనాళాలు ఎలా ఉన్నాయో ఆ రెండు రక్తపరీక్షలు చెప్పవు. అందువల్ల ఎమర్జెన్సీలో ఇచ్చిన చీటీని, రెండు ఈసీజీలు తీసి ఉంటే రెండింటినీ, రక్తపరీక్షల కాగితాలను ఒక ఫైలులో పెట్టి, ఈ వారంలోనే పగటిపూట ఓపీలో గుండె డాక్టరుకు చూపించండి. ఎకో (గుండె స్కానింగు), అవసరమైతే ట్రెడ్‌మిల్ పరీక్ష చేయాలా వద్దా అన్నది ఆయన నిర్ణయిస్తారు. ఎమర్జెన్సీకి రానన్న పెద్దమనిషి ఓపీకి రావడానికి అంతగా మొండికేయకపోవచ్చు. గదిలోకి ఆయనతోపాటు మీరే వెళ్లండి, ఎందుకంటే డాక్టరు అడిగినప్పుడు ఆయన "ఏదో గ్యాసు పట్టింది" అని దాటవేసే అవకాశం ఉంది, చొక్కా తడిసేలా చెమటలు పట్టిన సంగతి అప్పుడు మీరే చెప్పాలి.